కట్టెల స్టవ్ ఉన్న ఇంటికి: చిమ్నీ మసి నుంచి తలుపు తాడు దాకా మీరే చూసుకోవడం ఎలా

ఈ పని చలి మొదలయ్యాక పెట్టుకోకండి. ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో, ఇక ఈ ఏడాదికి మంట చాలు అనిపించిన వారం చూసుకుని చెయ్యండి. అక్టోబర్ వచ్చిందంటే చిమ్నీ శుభ్రం చేసేవాళ్లు దొరకరు, మీ స్టవ్‌ లోపల పేర్చే ఇటుక దుకాణంలో ఉండదు, సందులోంచి గాలి పోకుండా తలుపు చుట్టూ పెట్టే తాడు ఆర్డర్ పెడితే అది వచ్చేలోపు బయట చలి సున్నా కిందికి పోతుంది. ఇంకో కారణం కూడా ఉంది. బూడిదకి తేమ తగిలితే అది ఇనుముని తినేస్తుంది, వేసవంతా లోపలే వదిలేస్తే స్టవ్ అడుగూ గొట్టం అతుకులూ తుప్పు పడతాయి.

మేముండేది అమెరికాలో, న్యూ హాంప్‌షైర్‌లో. ఇక్కడ కట్టెల స్టవ్ వంటకి కాదు, ఇల్లు వెచ్చగా ఉండటానికి. ఇల్లు కొన్నప్పుడు హాల్లో మూలన ఒక నల్ల ఇనప పెట్టె, ముందు అద్దం తలుపు, పైనుంచి కప్పులోకి పోయే గొట్టం ఉన్నాయి, దాని గురించి మాకు ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. న్యూ ఇంగ్లండ్, మిషిగన్, మిన్నెసోటా లాంటి చోట్ల పాత ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామందిది ఇదే పరిస్థితి. కొందరు దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తారు, కొందరు ఏమీ చూసుకోకుండా మంట పెట్టేస్తారు. మొదటిది నష్టం, రెండోది ప్రమాదం. 2008 డిసెంబర్ ఐస్ స్టార్మ్‌లో ఈ రాష్ట్రంలో 4 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, కొన్ని చోట్ల దాదాపు రెండు వారాలు రాలేదు. కరెంటు లేకపోతే ఇల్లంతా వేడిచేసే ఫర్నేస్ కూడా తిరగదు. అలాంటి రాత్రి పిల్లల్ని వెచ్చగా ఉంచేది ఈ పెట్టే.

మొదటి చలికాలం మాకు దీనితో చాలా టెన్షన్ అయింది. గాలి మీట పూర్తిగా మూసినా మంట తగ్గేది కాదు, రాత్రి నింపిన కట్టెలు రెండు గంటల్లో అయిపోయేవి, అద్దం మూలలు నల్లబడేవి, తెల్లారి తలుపు తీస్తే పొగ గదిలోకి వచ్చేది. నేను కట్టెలదే తప్పనుకుని కట్టెల మనిషిని మార్చాను. ఆ జనవరిలో అమ్మ మా దగ్గరికి వచ్చింది. ముప్ఫై ఏళ్లు మట్టి పొయ్యి మీద వండిన మనిషి, ఇలాంటి స్టవ్ జన్మలో చూడలేదు, అయినా పది నిమిషాలు ఎదురుగా కూర్చుని, "ఒరేయ్, దీనికి గాలి ఎటునుంచి వస్తోందో ముందు అది చూడు. మంట వెలక్కపోయినా గాలే, ఆగకపోయినా గాలే" అంది. చూస్తే తలుపు చుట్టూ ఉండే తాడు ఎండిపోయి గట్టిపడి ఒక పక్క సగం ఊడిపోయి ఉంది. అప్పటినుంచి ఈ స్టవ్‌లో ఏది పాడైనా నేను అమ్మ అడిగిన ప్రశ్నే అడుగుతాను.

ముందు ఈ పెట్టె ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెప్తాను, అది తెలిస్తే మిగతావన్నీ తేలిక. మీట జరిపినంత మేరకే గాలి లోపలికి వస్తుంది. కట్టెలు మండాక వచ్చే పొగ పైకి పోతుంటే అక్కడ ఒక అడ్డుపలక ఉంటుంది, దాన్ని బ్యాఫిల్ అంటారు. దాని కింద చిల్లులున్న గొట్టాల్లోంచి వేడి గాలి వచ్చి ఆ పొగని మళ్లీ మండిస్తుంది. ఆ తర్వాతే మిగిలింది చిమ్నీలోకి పోతుంది. చుట్టూ ఉన్న ఇటుకలు వేడిని లోపల పట్టి ఉంచుతాయి. అంటే తాడు, అద్దం, బ్యాఫిల్, ఇటుకలు, గొట్టం, ఈ ఐదింటికీ ఉన్న పని ఒకటే: గాలి మనం చెప్పిన దారినే రావాలి, వేడి మనం చెప్పిన దారినే పోవాలి.

చివరి మంట రోజున ఒక పరీక్ష చెయ్యండి

సీజన్‌లో చివరిసారి మంట పెట్టినప్పుడు, అది బాగా అందుకున్నాక తలుపు మూసి, ఒక అగరబత్తి వెలిగించి తలుపు అంచు వెంట, అద్దం చుట్టూ, గొట్టం అతుకుల దగ్గర నెమ్మదిగా తిప్పండి. పొగ తన దారిన పైకి పోతే అక్కడ బాగున్నట్టు. ఎక్కడైనా సర్రున లోపలికి లాక్కుంటే అక్కడ సందు ఉంది. ఆ చోటు కాగితం మీద రాసుకోండి, స్టవ్ వేడిగా ఉన్నప్పుడు సుద్దతో గీద్దామని చెయ్యి పెట్టకండి. ఆ రోజే స్టవ్ వెనకో పక్కనో ఉండే లోహపు పట్టీని ఫోటో తీసుకోండి. కంపెనీ, మోడల్, ఇంటి గోడకి ఎంత దూరం ఉండాలి అన్నీ దాని మీద ఉంటాయి. మోడల్ పేరుతో వెతికితే మాన్యువల్ దొరుకుతుంది, తాడు ఎంత లావు, ఇటుకలు ఎన్ని, ఏ రకం అన్నది అందులో ఉంటుంది. అంచనా మీద ఏదీ కొనకండి.

ఆ పట్టీ అసలు లేకపోతే మీది బాగా పాత స్టవ్ అయ్యుండొచ్చు. అమెరికాలో కట్టెల స్టవ్‌లకి ఈపీఏ (అక్కడి పర్యావరణ సంస్థ) పొగ పరిమితులు మొదట వచ్చింది 1988లో. ఇప్పుడు 2020 మే నుంచి ఉన్న పరిమితి గంటకి 2 గ్రాముల పొగ కణాలు, మామూలు కట్టెలతో పరీక్షిస్తే 2.5 గ్రాములు. 1988కి ముందువాటి మీద విడిభాగాలకి డబ్బు పోయడం కన్నా ఆ డబ్బు కొత్తదానికి దాచుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఇంకో ముఖ్యమైన సంగతి, 1980లకి ముందు స్టవ్‌లలో తాడులోనూ సిమెంటులోనూ ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. అలాంటిదాన్ని మీరు గీకకండి, ఆ పని తెలిసినవాళ్లకి అప్పగించండి.

బూడిద

చివరి మంట తర్వాత కనీసం మూడు నాలుగు రోజులు ఆగండి. నివురుగప్పిన నిప్పు అని మనం ఊరికే అనలేదు, బూడిద కింద కణికలు రోజుల తరబడి వేడిగా ఉంటాయి. బూడిదని బిగుతు మూత ఉన్న ఇనప బకెట్‌లోకే ఎత్తండి, ఆ బకెట్‌ని ఇంటికి దూరంగా నేల మీదో రాయి మీదో పెట్టండి. చెక్క డెక్ మీద, గరాజ్‌లో, అట్టపెట్టెలో, చెత్త డబ్బాలో పెట్టకండి. ఇళ్లు ఇలాగే కాలుతున్నాయి. మామూలు వాక్యూమ్‌తో బూడిద లాగకండి, ఒక్క కణిక చాలు లోపలి సంచి అంటుకోవడానికి. బూడిద కోసమే చేసిన వాక్యూమ్ ఉంటే, అది కూడా పూర్తిగా చల్లారాకే. చలికాలం మధ్యలో మాత్రం బూడిద మొత్తం ఎత్తకండి, అడుగున ఒక అంగుళం ఉంచితే కణికలు దాని మీద నిలుస్తాయి, తెల్లారి అగ్గి సులువుగా రాజుకుంటుంది.

పని మొదలుపెట్టేముందు ఎన్95 మాస్క్, కళ్లద్దాలు, తోలు గ్లవ్స్ వేసుకోండి. పాత దుప్పటి ఒకటి నేల మీద పరవండి. వైరు బ్రష్, పుట్టీ బ్లేడు, టార్చి, స్క్రూడ్రైవర్లు, పట్టేసిన బోల్టులకి పోసే నూనె, ఒక మాస్కింగ్ టేపు. పెద్ద పనిముట్లేమీ అక్కర్లేదు.

పైనుంచి మొదలుపెట్టండి: చిమ్నీ, గొట్టం

మసి పైనుంచి కిందికే పడుతుంది కాబట్టి పని కూడా పైనుంచి కిందికే. కొత్త తాడు, తుడిచిన అద్దం పెట్టాక చిమ్నీ ముట్టుకుంటే మళ్లీ మొదటికొస్తారు.

చిమ్నీలో పేరుకునేది వట్టి మసి కాదు, క్రియోసోట్. పచ్చి కట్టెల పొగ, గాలి తక్కువైన మంట పొగ చల్లటి గొట్టానికి తగిలి అంటుకుని గట్టిపడుతుంది. దీన్ని మూడు రకాలుగా చూస్తారు. మొదటిది పొడిమసి, బ్రష్ తగిలితే రాలిపోతుంది. రెండోది నల్లటి గరుకు పెచ్చులు, గట్టిగా తోమితే వస్తాయి. మూడోది కరిగించి పోసిన తారులా నిగనిగలాడుతూ గోడకి పట్టేసి ఉంటుంది, అది బ్రష్‌కి రాదు. టార్చి వేసి చూసినప్పుడు ఆ మెరుపు కనిపిస్తే అక్కడితో ఆపి, లైసెన్సు ఉన్న చిమ్నీ మనిషిని పిలవండి. అది అంటుకుంటే గొట్టంలో వేడి 1000 డిగ్రీల సెల్సియస్ దాటొచ్చు, రైలు వెళ్తున్నట్టు చప్పుడొస్తుంది. అలాంటి చప్పుడు ఎప్పుడైనా వినిపిస్తే వెంటనే గాలి మీట మూసి, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి 911కి ఫోన్ చెయ్యండి. మంట దానంతటదే ఆరినా ఆ చిమ్నీని తనిఖీ చేయించకుండా మళ్లీ వాడకూడదు.

పొర మందం 3 మిల్లీమీటర్లు ఉంటే, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, శుభ్రం చెయ్యాల్సిందే. సూటిగా పైకి పోయే 6 అంగుళాల స్టీలు గొట్టమైతే కింది నుంచి మీరే తోమొచ్చు. వంగే రాడ్లు, చివర్న 6 అంగుళాల బ్రష్, కిట్‌గా అమ్ముతారు. స్టీలు గొట్టానికి ప్లాస్టిక్ బ్రష్, మట్టి టైళ్ల చిమ్నీకి వైరు బ్రష్, ఇవి తారుమారు చెయ్యకండి, స్టీలుకి గీతలు పడితే తుప్పు అక్కడే మొదలవుతుంది. తోమేముందు గొట్టం కింది చివరకి ప్లాస్టిక్ సంచి కట్టి, రాడ్ దూరేంత చిన్న చిల్లు సంచికి పెడితే మసి గదిలోకి రాదు. కప్పు ఎక్కడం మాత్రం నాకిష్టం లేదు. రెండంతస్తుల ఏటవాలు కప్పు మీదికి మసి కోసం ఎక్కి నడుము విరగ్గొట్టుకోవడం తెలివైన పని కాదు, ఆ ఒక్క పనికి మనిషిని పెట్టుకోండి. ఎలాగూ ఏడాదికోసారి చిమ్నీ తనిఖీ చేయించాలని ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికాలో అగ్ని భద్రత సంస్థ) 211 ప్రమాణం చెప్తుంది, ఆ వచ్చినతనితోనే పైన టోపీకి ఉండే జాలీ కూడా చూపించండి. పొగ వెనక్కి తన్నడానికి చాలాసార్లు ఆ జాలీ క్రియోసోట్‌తో మూసుకుపోవడమే కారణం.

ఇల్లు కొనబోతున్నవాళ్లకి ఇక్కడ ఒక మాట. మామూలు హోమ్ ఇన్‌స్పెక్షన్‌లో చిమ్నీ లోపల చూడరు. ఇల్లు చేతులు మారేటప్పుడు కెమెరా పంపి చూసే లెవెల్ 2 తనిఖీ చేయించాలని అదే ప్రమాణంలో ఉంది. మాకు వచ్చిన ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి "బాగుంది" అని రాసిచ్చాడు, తర్వాత కెమెరా పెడితే మట్టి టైలు ఒకటి పగిలి ఉంది. ఆ ఖర్చు మేము పెట్టుకోవాల్సి వచ్చింది. సంతకాలకి ముందే అడిగి చేయించుకోండి.

స్టవ్‌కీ కప్పుకీ మధ్య కనిపించే నల్ల గొట్టం సంగతి చూద్దాం. ప్రతి అతుకు దగ్గరా మూడు స్క్రూలు ఉండాలి. గొట్టాన్ని వేలితో తట్టండి, గట్టిగా టంగుమని మోగాలి. చచ్చు చప్పుడొచ్చినా, నొక్కితే లొత్తపడినా మార్చెయ్యండి, 24 గేజ్ మందం కన్నా పల్చనిది కొనకండి. మార్చేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: నొక్కులు పెట్టి సన్నం చేసిన చివర ఎప్పుడూ కిందికి, స్టవ్ వైపుకే ఉండాలి. తలకిందులుగా పెడితే పొగ బయటికి రాదు కదా అనుకుంటారు, కానీ పైనుంచి కారే నల్లటి ద్రవం అతుకులోంచి బయటికి కారి గొట్టం మీద చారలు కడుతుంది. సరిగ్గా పెడితే అది లోపలే కారి మంటలో కాలిపోతుంది. ఈ ఒంటిపొర గొట్టానికీ గోడలాంటి అంటుకునే దేనికైనా మధ్య 18 అంగుళాలు ఖాళీ ఉండాలి, అక్కడ కర్టెన్లు, బట్టలు ఆరేసే స్టాండు పెట్టకండి.

బ్యాఫిల్, గాలి గొట్టాలు

చిమ్నీ తోమాక రాలిన మసి అంతా బ్యాఫిల్ మీద కూర్చుంటుంది. దాన్ని తియ్యకుండా వదిలేస్తే పొగ దారి మూసుకుంటుంది, పైగా ఆ మసి అంటుకోవచ్చు కూడా. స్టవ్ లోపలికి తల పెట్టి పైకి చూడండి. పలక ఒకటో రెండో ముక్కలుగా చిల్లుల గొట్టాల మీద ఆనించి ఉంటుంది. తియ్యకముందు ఫోటో తీసుకోండి, ప్రతి ముక్కకీ టేపు మీద "ఎడమ ముందు" అని రాసి అంటించుకోండి. మెల్లగా పైకెత్తి, ఏటవాలుగా తిప్పి బయటికి తియ్యాలి. వెర్మిక్యులైట్ (ఒక తేలికైన ఖనిజం) పలకైతే గుల్లగా బిస్కెట్‌లా విరిగిపోతుంది. అది విరిగే తీరు సాధారణంగా ఒకటే, కట్టె మొద్దుని లోపలికి విసురుగా తోసినప్పుడు పైన తగులుతుంది. సన్నటి బీటకి కంగారు పడకండి, రెండు ముక్కలైనా, అంచు రాలి సందు పడినా మార్చండి. పలక పక్కకి జరిగినా సందు పడినా మంట నేరుగా చిమ్నీలోకి పోతుంది, గది వేడెక్కదు కానీ గొట్టం ఎర్రగా కాలుతుంది.

తెల్లగా దూదిలా ఉండే సిరామిక్ ఫైబర్ పలక, దాని మీది దుప్పటి వేరే రకం. వాడినదాన్ని పొడిగా చింపకండి, దాని దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. నీళ్లు కొద్దిగా చిలకరించి, మాస్క్‌తో, సంచిలో వేసి మూతి కట్టెయ్యండి.

చిల్లుల గొట్టాలు స్టెయిన్‌లెస్ స్టీలువి. కొద్దిగా వంగడం మామూలే. చిల్లులు పెద్దవై కలిసిపోయినా, గొట్టం పొరలు పొరలుగా లేస్తున్నా మార్చాలి. ఒక చివర పిన్నో స్క్రూవో ఉంటుంది, నూనె పోసి ఒక రాత్రి ఉంచి, పట్టకారుతో మెలితిప్పితే వస్తుంది. ముందు గొట్టానికీ వెనక గొట్టానికీ చిల్లుల సంఖ్య వేరుగా ఉండొచ్చు కాబట్టి ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకోండి, చిల్లులు ఏ వైపుకి తిరిగి ఉన్నాయో కూడా.

మీ స్టవ్‌లో కెటలిటిక్ కంబస్టర్ (పొగని తక్కువ వేడిలోనే మండించే పూత ఉన్న దిమ్మ) ఉంటే, తేనెపట్టులా ఉండే ఆ దిమ్మని చల్లారాక మెత్తటి బ్రష్‌తో మాత్రమే దులపండి. అది దాదాపు 260 డిగ్రీల సెల్సియస్ దాటాక పని మొదలుపెడుతుంది. రంగేసిన చెక్క, మందు పట్టించిన చెక్క, రంగు కాగితాలు కాలిస్తే దాని మీది పూత చచ్చిపోతుంది. ఎంత వేడెక్కినా చిమ్నీ నుంచి పొగ దట్టంగా వస్తూనే ఉంటే అది అయిపోయినట్టే. కొత్తది పెట్టేటప్పుడు సందు మూయడానికి దాని చుట్టూ చుట్టే గ్యాస్కెట్ కూడా కొత్తదే వాడండి.

ఇటుకలు

ఇవి మామూలు ఇటుకలు కావు. ఎక్కువ స్టవ్‌లలో ఉండే సైజు 9 అంగుళాలు, 4½ అంగుళాలు, 1¼ అంగుళం మందం. మట్టివి బరువుగా ఉంటాయి, ప్యూమిస్‌వి (గుల్లగా ఉండే అగ్నిపర్వతపు రాయి) తేలిక, వేడిని ఎక్కువ ఆపుతాయి. మాన్యువల్‌లో ఏది చెప్తే అదే. తేలికవాటి బదులు బరువైనవి పెడితే లోపల మంట ఆ మేరకు వేడెక్కదు.

ఎప్పుడు మార్చాలో చెప్పడం తేలిక. సన్నటి బీట పడి ఇటుక తన చోటే ఉంటే వదిలెయ్యండి, నా స్టవ్‌లో అలాంటివి రెండు నాలుగేళ్లుగా ఉన్నాయి. ముక్క ఊడి వెనక ఇనుము కనిపిస్తున్నా, గోటితో గీకితే పొడి రాలుతున్నా మార్చాలి. ఇనుముకి మంట నేరుగా తగిలితే స్టవ్ ఒళ్లే వంగిపోతుంది, దానికి విడిభాగం ఉండదు. మార్చడం అంటే పాతది ఎత్తి కొత్తది పెట్టడమే. మధ్యలో సిమెంటు పెట్టకండి, వేడికి అవి కొద్దిగా వ్యాకోచిస్తాయి, ఆ చోటు ఉండాలి, సందుల్లో బూడిద దానంతటదే నిండుతుంది. కోయాల్సి వస్తే ప్యూమిస్‌ని మామూలు హ్యాక్సా బ్లేడుతోనే, ఆరుబయట, మాస్క్ పెట్టుకుని కోయొచ్చు.

తలుపు తాడు

నా లెక్కలో ఈ మొత్తంలో అతి ముఖ్యమైనది ఇదే, ఖర్చు కూడా చాలా తక్కువ. ఫైబర్‌గ్లాస్‌తో అల్లిన తాడు, తలుపు లోపలి గాడిలో చుట్టూ ఉంటుంది. రోజూ మండించే ఇంట్లో రెండు మూడేళ్లలో నలిగి గట్టిపడుతుంది.

స్టవ్ చల్లగా ఉన్నప్పుడు ఒక డాలర్ నోటు తలుపుకీ స్టవ్‌కీ మధ్య పెట్టి మూసి లాగండి. పట్టుకున్నట్టు బిగుతుగా రావాలి. జారుతూ వచ్చేస్తే అక్కడ బిగుతు లేదు. చుట్టూ నాలుగైదు అంగుళాలకి ఒకసారి ఇలా చూడండి. గడియ వైపు అంతా వదులుగా ఉండి బందుల వైపు బాగుంటే తాడు మార్చకముందు గడియ బిగించి చూడండి, చాలా స్టవ్‌లకి అక్కడ నట్టో వాషరో ఉంటుంది. చుట్టూ వదులైతే తాడు పోయినట్టే.

కొనేటప్పుడు లావు ముఖ్యం. ⅜, ½, ⅝, ¾ అంగుళాలు, ఇలా దొరుకుతాయి. పాత తాడు కొలిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే అది నలిగి ఉంటుంది. మాన్యువల్ చూసి తీసుకోండి. లావుది పెడితే తలుపు పడదు, బలవంతంగా మూస్తే అద్దం మీద ఒత్తిడి పడుతుంది. సన్నది పెడితే పెట్టనట్టే. తాడుతో పాటు వేడి తట్టుకునే గ్యాస్కెట్ సిమెంటు కూడా కావాలి, మామూలు జిగురు పనికిరాదు.

తలుపుని బందుల మీంచి పైకెత్తితే వచ్చేస్తుంది. బరువుగా ఉంటుంది, ఇద్దరు పట్టుకోండి. బల్ల మీద తువ్వాలు పరిచి, అద్దం కిందికి వచ్చేలా పడుకోబెట్టండి. పాత తాడు ఒక చివర పట్టుకుని లాగితే చాలావరకు ఒకేసారి వస్తుంది. ఆ తర్వాత గాడిలో మిగిలిన పాత సిమెంటుని పాత స్క్రూడ్రైవర్‌తో గీకి, వైరు బ్రష్‌తో తోమి, ఇనుము మెరిసేదాకా శుభ్రం చెయ్యండి. ఇక్కడే అందరూ తొందరపడతారు. నేనూ మొదటిసారి పైపైన గీకి వదిలేశాను, ఫిబ్రవరికల్లా తాడు కింద మూల నుంచి లేచిపోయింది. ఈ గీకుడికి అరగంట పట్టినా పట్టనివ్వండి.

సిమెంటు పెట్టకముందు తాడుని ఒట్టిగా గాడిలో చుట్టూ పరిచి కొలవండి. తాడుని సాగదియ్యకండి. సాగదీస్తే సన్నబడుతుంది, తర్వాత మళ్లీ ముడుచుకుని అతుకు దగ్గర సందు తెరుచుకుంటుంది. పొడవు తేలాక కోసేచోట టేపు చుట్టి టేపు మధ్యలో కత్తిరిస్తే పోగులు విడిపోవు. ఇప్పుడు గాడిలో సన్నగా, 3 మిల్లీమీటర్ల గీతలా సిమెంటు పెట్టండి. ఎక్కువ పోస్తే తాడు దాన్ని పీల్చుకుని రాయిలా గట్టిపడుతుంది, మెత్తగా ఉండాల్సిన తాడు మెత్తగా ఉండదు. బందుల వైపు మధ్య నుంచి మొదలుపెట్టి, వేలితో నొక్కుతూ, మూలల దగ్గర కొంచెం లోపలికి తోస్తూ చుట్టూ తిరిగి రండి. రెండు చివరలూ ఒకదానికొకటి తగిలి ఆనాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు.

తలుపు మళ్లీ తగిలించి, తాడుకీ స్టవ్‌కీ మధ్య మైనపు కాగితం పెట్టి మూసెయ్యండి, లేకపోతే సిమెంటు అంటుకుని తలుపే రాదు. ఒక రోజు అలా వదిలెయ్యండి. తర్వాత నోటు పరీక్ష మళ్లీ చెయ్యండి. కొత్త తాడుకి మొదట్లో గడియ బిగుతుగానే తిరుగుతుంది, వారం వాడాక సర్దుకుంటుంది.

అద్దం

ఇది మామూలు గాజు కాదు, సిరామిక్ గాజు. నియోసెరామ్, రోబాక్స్ అన్న పేర్లతో అమ్ముతారు. 700 డిగ్రీల సెల్సియస్ దాకా వేడినీ, ఒక్కసారిగా చల్లబడటాన్నీ తట్టుకుంటుంది. పగిలితే గాజు దుకాణంలో టెంపర్డ్ గ్లాస్ కోయించి పెట్టకండి, అది దాదాపు 250 డిగ్రీల దగ్గరే చేతులెత్తేస్తుంది, నిండా మంట ఉన్నప్పుడు పగిలి నిప్పులు గదిలో పడతాయి. బీట చిన్నదైనా సరే ఆ అద్దంతో మంట పెట్టకండి.

అద్దం పట్టీ స్క్రూలు తుప్పుకి పట్టేసి ఉంటాయి, తిప్పితే తల విరుగుతుంది. ముందు రోజే నూనె పోయండి, బలంగా కాకుండా కొంచెం బిగించి కొంచెం వదులుతూ అటూ ఇటూ కదపండి. కొత్త అద్దం అంచుకి చదునైన గ్యాస్కెట్ టేపుని చుట్టూ మడిచి అంటించి, చోట్లో కూర్చోబెట్టి, స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. వేలితో బిగించాక ఇంకో పావు చుట్టు, అంతకు మించి వద్దు. అద్దానికి కదలడానికి కొంచెం చోటు కావాలి, పగలడానికి అతి బిగింపే ఎక్కువగా కారణం. స్క్రూలకి యాంటీ సీజ్ పేస్టు (పట్టెయ్యకుండా రాసేది) రాస్తే వచ్చేసారి ఇంత కష్టం ఉండదు.

శుభ్రం చెయ్యడానికి ఏ మందూ కొననక్కర్లేదు. తడి కాగితాన్ని మెత్తటి బూడిదలో అద్ది రుద్దండి, అమ్మ గిన్నెలు తోమినట్టే. చల్లారాకే చెయ్యండి. అద్దం తరచూ నల్లబడుతుంటే తుడవడం కాదు, కారణం వెతకాలి: ఒకే మూల నల్లబడితే తాడు, అంతా నల్లబడితే కట్టెలు.

తిరిగి మంట పెట్టేముందు

పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండూ నొక్కి చూడండి, బ్యాటరీలు మార్చండి. పడుకునే గదుల దగ్గర ఒకటి తప్పకుండా ఉండాలి. ఈ వాయువుకి వాసన ఉండదు, అలారం తప్ప మనకి చెప్పేవాళ్లు లేరు. వంటింట్లో పోపు పెడుతూ పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే అది ఇంట్లో గాలిని లాగేసి స్టవ్ పొగని వెనక్కి రప్పించగలదు. మన వంటలకి ఆ ఫ్యాన్ లేకుండా కుదరదు కాబట్టి, స్టవ్ మండుతున్నప్పుడు వంటింటి కిటికీ ఒక అంగుళం తెరిచి పెట్టండి.

మొదటి మంట చిన్నదిగా, సన్నటి పేళ్లతో గంటసేపు పెట్టి ఆరనివ్వండి, రెండోది కొంచెం పెద్దది, మూడోది మామూలుగా. సిమెంటు, కొత్త ఇటుకల్లో తేమ నెమ్మదిగా పోవాలి. స్టవ్‌కి వేడి తట్టుకునే నల్ల రంగు వేసి ఉంటే మొదటిసారి ఘాటు వాసన వస్తుంది, కిటికీలు తీసి పిల్లల్ని వేరే గదిలో ఉంచండి. గొట్టం మీద అంటించే అయస్కాంతపు థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఒంటిపొర గొట్టం పైభాగం 120 నుంచి 245 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మంచిది. అంతకన్నా తక్కువలో గంటల తరబడి ఉంటే క్రియోసోట్ పేరుకుంటుంది, ఎక్కువైతే లోపలున్న క్రియోసోట్ అంటుకుంటుంది.

కట్టెల తేమ 20 శాతం కన్నా తక్కువ ఉండాలి. రెండు సూదుల మీటరుతో బయటి ముఖం మీద కాదు, కట్టెని చీల్చి లోపలి ముఖం మీద చూడండి. ఓక్ కట్టెకి రెండేళ్లు ఆరబెట్టడం అవసరం, అమ్మేవాళ్లు "ఎండినవే" అన్నా సరే చీల్చి చూసుకోండి. పచ్చి కట్టెలతో పైన చెప్పినవన్నీ ఏటా చెయ్యాల్సి వస్తుంది.

అన్నీ అయ్యాక ఒక కాగితం మీద ఆ రోజు తేదీ, తాడు లావు, పొడవు, ఎన్ని ఇటుకలు ఏ వైపు మార్చారో రాసి, తీసుకున్న ఫోటోల ప్రింట్లతో కలిపి మాన్యువల్‌లో పెట్టండి. మాన్యువల్‌ని స్టవ్ పక్క డ్రాయర్‌లో ఉంచండి. తాడు కిట్‌లో మిగిలిన ముక్క, ఒక అదనపు ఇటుక కూడా అక్కడే పెట్టండి, జనవరిలో ఒక రాత్రి కట్టె తగిలి ఇటుక ముక్క ఊడితే తెల్లారేదాకా ఆగక్కర్లేదు, స్టవ్ చల్లారగానే మార్చేసుకోవచ్చు.